బొంకులదిబ్బ దగ్గర ఓ నిజం

విజయనగరం స్టేషన్లో బండి దిగిన ప్రతిసారీ నా అరచేతులు ఓసారి చూసుకుంటాను. ఎందుకో చెప్పాలంటే 2007 జూన్‌కి వెళ్లాలి.

ఆ రోజు శ్రీకాకుళం రోడ్ స్టేషన్లో నిలబడ్డాం, నాన్నా నేనూ. పేరుకే అది శ్రీకాకుళం రోడ్డు. ఊరు మాత్రం ఆమదాలవలస. శ్రీకాకుళం టౌన్‌కి వెళ్లాలంటే అక్కణ్నుంచి మళ్లీ బస్సెక్కాల్సిందే. ట్రంకుపెట్టె నాన్న మోశాడు. నా చేతిలో బట్టలసంచి, అంతే. ఏడాది కిందటి వరకూ అరవై కిలోల బరువు తలమీదికి ఎత్తిన కూతురు నడుముకి బెల్టు కట్టుకుని, చిన్న సంచితో పక్కన నడుస్తుంటే ఆయనకెలా అనిపించిందో! అడగలేదు. ఆయనా చెప్పలేదు.

బరువుల ఊరు

మా వైపు ఆడపిల్లలు బరువులెత్తడం వింతేం కాదు. ఆమదాలవలస పక్కనున్న ఊసవానిపేటే కరణం మల్లీశ్వరి ఊరు. 2000 సెప్టెంబరు 19న సిడ్నీలో 69 కిలోల విభాగంలో ఆమె స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130... మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచింది. ఒలింపిక్స్‌లో పతకం తెచ్చిన తొలి భారతీయ మహిళ! ఆడవాళ్ల వెయిట్‌లిఫ్టింగ్‌కి ఒలింపిక్స్‌లో చోటిచ్చిందీ ఆ ఏడాదే. ఆఖరి ప్రయత్నంలో 137.5 కిలోలకు వెళ్లి ఎత్తలేకపోయింది. మా వీధిలో మాత్రం ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు. మిఠాయిలు పంచారు.

అప్పుడు నేను ఆరో తరగతి. నెల తిరక్కుండా మా ఊరి రేకుల షెడ్డులో చేరిపోయాను. నాన్నకి ఒకటే ఆశ... పతకాలొస్తే స్పోర్ట్స్ కోటాలో రైల్వే ఉద్యోగం వస్తుందని. మా ఊళ్లో చాలా ఇళ్లలో ఆశ అదే.

ఇంటర్ రెండో ఏడాదిలో ఓ పొద్దున బారు భుజాలమీదికి లాగుతుంటే నడుములో ఏదో కలుక్కుమంది. డిస్కు జారిందన్నారు. ఆర్నెల్లు మంచం. చివరికి డాక్టరు ఒక్కమాటే చెప్పారు: ‘ఇక చదువుకో తల్లీ’. ఇంటికొచ్చాక నాన్న, ‘నడుముంటే నాలుగు మెతుకులు అవే వస్తాయి గుంటా’ అన్నాడు. రైల్వే ఊసు తేలేదు.

నాగావళి దాటి...

ఆ దారంటే నాకిప్పటికీ ఇష్టం. బండి కదిలిన కాసేపటికే నాగావళి వంతెన. తర్వాత ఖద్దరుకి పేరుపడ్డ పొందూరు. చీపురుపల్లి దాటితే నెల్లిమర్ల. ఆ రోజు నెల్లిమర్లలో స్పోర్ట్స్ బ్యాగులతో నలుగురు పిల్లలు ఎక్కారు. పక్కనే కొండవెలగాడ ఉంది మరి! ఇంటికో లిఫ్టరున్న ఊరని చెప్పుకుంటారు. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో మత్స సంతోషి గెలిచింది ముందు కాంస్యం. మొదటిస్థానంలో వచ్చిన నైజీరియా అమ్మాయి డోపింగ్‌లో దొరికిపోవడంతో అది రజతమైంది. ఆ సంతోషిదీ కొండవెలగాడే.

ఆ పిల్లల అరచేతుల్లో కాయలు కాసి ఉన్నాయి. నావీ అంతే. చేతులు చున్నీ కింద దాచుకుని కిటికీ వైపు తిరిగిపోయాను.

మొదటి బొంకు

విజయనగరం నాకు బొత్తిగా కొత్త. 1713లో పునాది వేసిన కోట, ఎదురుగా బొంకులదిబ్బ, గంటస్తంభం, పెద్దచెరువు... అన్నీ పుస్తకాల్లో చదివినవే. గురజాడ ‘కన్యాశుల్కం’లో గిరీశం మొట్టమొదట కనిపించేది ఆ బొంకులదిబ్బ మీదే కదా!

కాలేజీ అప్లికేషన్లో ‘క్రీడలు’ అని ఓ గడి ఉంది. అందులో అడ్డంగా గీత గీశాను. వారం తిరిగాక ఫిజికల్ డైరెక్టర్ గారు కారిడార్లో ఆపి నా భుజాలు చూస్తూ ‘ఏమ్మా, ఏదైనా ఆట ఆడేదానివా?’ అని అడిగారు.

‘లేదండీ’ అన్నాను.

బొంకులదిబ్బ ఉన్న ఊళ్లో నా మొదటి బొంకు అది. ఆడేదాన్నంటే ఎందుకు మానేశావంటారు. అది చెప్పాలి. చెబితే అయ్యో అంటారు. ఆ ‘అయ్యో’ వినలేకే ఊరొదిలి వచ్చాను. హాస్టల్లో ఆటల పీరియడ్‌కి తలనొప్పి అని పడుకునేదాన్ని. గ్రౌండు వైపు దారి ఉన్నా చుట్టూ తిరిగి క్లాసుకెళ్లేదాన్ని.

స... రి... గ... మ

ఒళ్లు మాత్రం అబద్ధం చెప్పదు. ప్రాక్టీసు అలవాటుతో తెల్లారకుండానే మెలకువ వచ్చేసేది. చేసేదేమీ లేదు. నడవమని డాక్టరు చెప్పారుగా... హాస్టల్ గేటు తియ్యగానే కోట చుట్టూ నడిచేదాన్ని.

ఓ పొద్దున సంగీత కళాశాల వైపు వెళ్లాను. 1919లో మొదలైన కళాశాల అది. తొలి ప్రిన్సిపాల్ హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు. తర్వాతి కాలంలో వయొలిన్ విద్వాంసుడు ద్వారం వెంకటస్వామినాయుడు ప్రిన్సిపాల్‌గా ఉన్నారు. ఘంటసాల అక్కడ చదువుకునే రోజుల్లో ఇల్లిల్లూ తిరిగి మధుకరం ఎత్తి కడుపు నింపుకున్నారు. ఆ వీధిలో ఓ ఇంటి అరుగు మీద ఇద్దరు పిల్లలు సరళీ స్వరాలు పాడుతున్నారు. అవే నాలుగు స్వరాలు. తప్పితే మళ్లీ మొదటికి. మర్నాడు వెళ్లినా అదే. వారం తర్వాతా అదే.

నాకు మా షెడ్డు గుర్తొచ్చింది. ఆడవాళ్ల బారు బరువు 15 కిలోలు. చేరిన కొత్తలో మాస్టారు అదీ ఇవ్వలేదు, కర్ర ఇచ్చారు. తర్వాత నెలలకొద్దీ ఖాళీ బారు. ‘ప్లేట్లు ఎప్పుడండీ?’ అంటే ‘ఖాళీ బారు సరిగ్గా ఎత్తినప్పుడు’ అనేవారు. ఆ అరుగు ముందు నిలబడితే నా పరిస్థితి అర్థమైంది. ప్లేట్లన్నీ తీసేశారు నాకు. బారు ఒక్కటే మిగిలింది.

ఆ ఏడాది కాలేజీ మ్యాగజైన్‌కి ఏదైనా రాయమని తెలుగు మేడమ్ అడిగితే రేకుల షెడ్డు గురించి నాలుగు పేజీలు రాశాను. నడుము సంగతీ రాసేశాను. అది చదివి పి.డి. గారు పిలిపించారు. తిడతారనుకున్నా. ‘స్నాచ్‌లో ఎంత చేసేదానివి?’ అన్నారు.

‘అరవై అండీ’.

‘వచ్చే నెల ఇంటర్ కాలేజియేట్ పోటీలున్నాయి. స్కోరు టేబుల్ దగ్గర కూర్చుంటావా? నీకు తెలిసినంత మావాళ్లకి తెలీదు’.

కూర్చున్నాను. మొదటి అమ్మాయి బారు ఎత్తగానే కళ్లు మసకబారాయి. నిజం చెప్పొద్దూ, ఏడ్చాను. అయినా అంకెలు ఒక్కటీ తప్పు వెయ్యలేదు. సాయంత్రం ఫలితాలు పేపరుకి రాసి పంపమన్నారు. జిల్లా పేజీలో మూలన ఆరు లైన్లు పడ్డాయి. పేరు లేదు. కానీ ఆ లైన్లు నావి. డిగ్రీ అయ్యాక జర్నలిజం డిప్లొమాలో చేరడానికి కారణం ఆ ఆరు లైన్లే.

మళ్లీ అదే ఊరు

అన్నీ సర్దుకున్నాయని చెప్పను. వంగి బకెట్టు ఎత్తాలంటే ఇప్పటికీ భయమే. రైల్వే ఉద్యోగం మాట మా ఇంట్లో ఎవరం ఎత్తం. టీవీలో వెయిట్‌లిఫ్టింగ్ వస్తే నాన్న ఛానల్ మారుస్తాడు. నేను రిమోట్ తీసుకుని మళ్లీ పెడతాను. ఇద్దరం మాట్లాడకుండా చూస్తాం.

మొన్న వెళ్లినప్పుడు తెల్లవారుజామునే ఆ వీధికి నడిచాను. అరుగున్న ఇల్లు లేదు, మేడ లేచింది. రెండో అంతస్తు కిటికీలోంచి ఎవరో స... రి... గ... మ అంటున్నారు. ‘మ’ దగ్గర తప్పింది. మళ్లీ మొదలెట్టారు. సరిగ్గా వచ్చేదాకా అక్కడే నిలబడి విన్నాను.

వెళ్లాలంటే...

ఆమదాలవలస నుంచి విజయనగరానికి రైల్లో గంట, గంటంబావు. విశాఖ నుంచీ దాదాపు అంతే. కోట, గురజాడ ఇల్లు, సంగీత కళాశాల, పైడితల్లి చదురుగుడి ఒక్కపూటలో చూసేయొచ్చు. దసరా తర్వాత మంగళవారం వెళ్తే సిరిమానోత్సవం కూడా చూడొచ్చు. అయితే ఆ రోజు జనం మధ్య నిలబడాలంటే నడుం గట్టిగా ఉండాలి!