వైజాగ్ పేరు మీద వచ్చి, వైజాగ్‌కి రాని టీమ్

వైజాగ్ పేరు మీద ఒక ఐ-లీగ్ ఫుట్‌బాల్ టీమ్ మొదలైందని మీలో ఎంతమందికి తెలుసు? తెలియకపోయినా ఫర్వాలేదు. ఆ టీమ్ ఇక్కడ ఒక్క ఐ-లీగ్ హోమ్ మ్యాచ్ కూడా ఆడలేదు మరి!

కథ ఏంటంటే, 2020 ఆగస్టులో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఐ-లీగ్‌లోకి కొత్త జట్లను తీసుకుంది. అందులో విశాఖపట్నం తరఫున శ్రీనిధి విద్యాసంస్థల వాళ్లు వేసిన బిడ్ ఓకే అయింది. 2021-22 సీజన్ నుంచి నేరుగా ఐ-లీగ్‌లో ఆడొచ్చన్నారు. మా కాలేజీ ఫుట్‌బాల్ బ్యాచ్ అయితే మ్యాచ్‌లు పోర్టు స్టేడియంలోనా, ఉక్కునగరంలోనా అని వారం రోజులు కొట్టుకుంది.

ఆ టీమే శ్రీనిధి డెక్కన్ ఎఫ్‌సీ. కోవిడ్ వల్ల మొదటి సీజన్‌ని మిగతా జట్లతో పాటు కోల్‌కతా వైపే ఆడింది. తర్వాత హైదరాబాద్ శివారు అజీజ్‌నగర్‌లోని డెక్కన్ ఎరీనా దాని సొంత గ్రౌండ్ అయింది. ఆటలో మాత్రం వంక పెట్టడానికి లేదు. మొదటి ఏడాదే మూడో స్థానం, తర్వాత వరుసగా రెండేళ్లు రెండో స్థానం. 2022-23లో ఇంకొక్క మెట్టు ఎక్కి ఉంటే పంజాబ్ బదులు ఐఎస్ఎల్‌కి మనవాళ్లే వెళ్లేవారు.

మనవాళ్లు అన్నాను చూశారా? అలవాటు. నిజానికి వాళ్లని నేను చూసింది ఫోన్‌లోనే.

టీమ్ మీద కోపమేం లేదు. ఫ్రాంచైజీ అన్నాక ఊళ్లు మారడం మామూలే. హైదరాబాద్ ఎఫ్‌సీనే చూడండి. 2019లో పుణే టీమ్ పోయిన చోట పుట్టింది, 2022 మార్చిలో కేరళ బ్లాస్టర్స్‌ని ఓడించి ఐఎస్ఎల్ కప్పు కొట్టింది, 2025లో ఢిల్లీకి వెళ్లిపోయింది. మనం ఆఫీసులో సర్వర్ మైగ్రేట్ చేసినంత ఈజీగా టీమ్‌ని మార్చేస్తున్నారు. డేటా అంతా జాగ్రత్తగా వెళ్తుంది, ఫ్యాన్స్ మాత్రం పాత సర్వర్లోనే ఉండిపోతారు.

మరి వైజాగ్‌లో మిగిలిన ఫుట్‌బాల్ ఏంటి? అది చూద్దామనే పోయిన సీజన్‌లో రుషికొండలో లాగౌట్ కొట్టిన సాయంత్రాలు, ఆదివారాలు బైకేసుకుని గ్రౌండ్ల వెంట తిరిగాను.

గోడ పక్కనే గోల్ పోస్ట్

వైజాగ్ గ్రౌండ్లన్నీ ఏదో ఒక పెద్ద సంస్థ గోడ పక్కనే ఉంటాయి. అక్కయ్యపాలెంలో పోర్టు స్టేడియం, రైల్వే కాలనీ వైపు రైల్వే గ్రౌండ్, ఉక్కునగరంలో స్టీల్‌ప్లాంట్ మైదానాలు, సింధియా వైపు నేవీ వాళ్లవి. పాత ఊళ్లో ఇందిరా ప్రియదర్శిని స్టేడియం కార్పొరేషన్‌ది. 1996 క్రికెట్ వరల్డ్ కప్‌లో ఆస్ట్రేలియా, కెన్యా ఆడింది అక్కడే. మార్క్ వా సెంచరీ కొట్టాడు. ఇప్పుడు పెద్ద క్రికెట్ అంతా పీఎం పాలెం వెళ్లిపోయింది. 2005లో ధోనీ పాకిస్తాన్ మీద 148 కొట్టాక వైజాగ్ అంటే క్రికెట్టే అయిపోయింది.

ఈ గ్రౌండ్లు ఇలా ఉండటం వెనక ఊరి చరిత్రే ఉంది. మధ్య పరగణాల మాంగనీసు ఓడలెక్కడం కోసం బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఇక్కడ హార్బర్ తవ్వింది. 1933లో పోర్టు మొదలైంది. ఆ రైల్వేకి కోల్‌కతాలో సొంత ఫుట్‌బాల్ టీమ్ కూడా ఉండేది. తర్వాత నేవీ పెరిగింది. 1966లో 'విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు' ఉద్యమంలో 32 మంది ప్రాణాలిచ్చాక, 1971లో స్టీల్‌ప్లాంట్‌కి శంకుస్థాపన జరిగింది. ప్రతి సంస్థా కార్మికులకి క్వార్టర్స్ కట్టింది. క్వార్టర్స్‌తో పాటు స్కూలు, ఆసుపత్రి, ఆటస్థలం. అందుకే మన ఊళ్లో గ్రౌండ్ అడ్రస్ చెప్పాలంటే సంస్థ పేరు చెప్పాల్సిందే.

ఉక్కునగరంలో సాయంత్రం మ్యాచ్ ఒక్కసారైనా చూడాలి. చెట్లు ఎక్కువ, గాలి చల్లగా ఉంటుంది. చీకటి పడ్డాక ప్లాంటు వైపు ఆకాశం ఒక్కోసారి ఎర్రగా అవుతుంది. అక్కడి బ్లాస్ట్ ఫర్నేస్‌ల పేర్లు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ. పేర్లు చల్లన, పని మాత్రం నిప్పు. బీచ్‌లో అయితే వేరే లోకం. కురుసుర సబ్‌మెరైన్ పక్కన ఇసుకలో చెప్పులే గోల్ పోస్టులు. ఆఫ్‌సైడ్ లేదు, రిఫరీ లేడు. అల వచ్చి బంతిని తీసుకెళ్తే అదే త్రో-ఇన్.

ఎవల తరఫు బాబూ?

లోకల్ మ్యాచ్‌లకి టికెట్ ఉండదు. సున్నంతో గీసిన గీతలు, అక్కడక్కడా చిరిగి ముడేసిన నెట్, ఒక టీ బండి. చూసేవాళ్లలో సగం మంది సబ్‌స్టిట్యూట్‌లు, మిగిలిన సగం వాళ్ల చుట్టాలు. మొదటిసారి వెళ్లినప్పుడు టీ బండి ఆయన నన్ను ఎగాదిగా చూశాడు.

"ఎవల తరఫు బాబూ?"

"ఎవరి తరఫూ కాదండీ, ఊరికే చూడ్డానికొచ్చా."

"ఊరికే సూడ్డానికా?" అని ఆయన నవ్విన నవ్వు ఇప్పటికీ గుర్తుంది. టీ మాత్రం బాగుంది.

ఆట ఎలా ఉంటుందంటారా? ఐఎస్ఎల్‌లా ఉండదు. మొదటి ఇరవై నిమిషాలు పరుగే పరుగు. తర్వాత వైజాగ్ ఉక్కపోత తన పని మొదలుపెడుతుంది. హాఫ్ టైమ్‌కి జెర్సీలు పిండితే నీళ్లు. సెకండ్ హాఫ్‌లో గెలిచేది టెక్నిక్ కాదు, ఊపిరి. డిపార్ట్‌మెంట్ జట్లలో ముప్పై దాటిన సీనియర్లు పరిగెత్తకుండా నిలబడే చోటుతో ఆడతారు. కాలనీ కుర్రాళ్లు అంతకు రెట్టింపు పరిగెత్తి, అదే స్కోరుతో ఓడిపోతారు. ఒక మ్యాచ్‌లో తెల్లజుట్టు మిడ్‌ఫీల్డర్ ఒకాయన సెంటర్ సర్కిల్ దాటకుండానే రెండు గోల్స్‌కి పాస్‌లిచ్చారు. లైన్ బయట కుర్రాళ్లు "మావయ్యా, కదలరా కొంచెం?" అని అరుస్తుంటే, "బంతి కదుల్తోంది గదరా" అన్నారు.

స్కాట్లాండ్‌లో ఏం చేశారు?

ఇలాంటి చిన్న లీగ్‌లు ప్రపంచమంతా ఉన్నాయి. నాకు నచ్చింది స్కాట్లాండ్ పద్ధతి. ఆ దేశం మొత్తం జనాభా సుమారు 55 లక్షలు. ఉత్తరాన చలి, గాలి, చేపల రేవులు. అక్కడ 1893 నుంచీ హైలాండ్ లీగ్ అని ఒకటి నడుస్తోంది. దక్షిణాన 2013లో లోలాండ్ లీగ్ మొదలైంది. ఆడేవాళ్లు చాలామంది పగలు వేరే ఉద్యోగం చేసుకుని, సాయంత్రం ప్రాక్టీసుకి వచ్చేవాళ్లే.

2014-15 నుంచి అక్కడ ఒక నిచ్చెన వేశారు. ఈ రెండు లీగ్‌ల విజేతలు తలపడతారు. గెలిచిన టీమ్ నాలుగో డివిజన్‌లో ఆఖరున ఉన్న టీమ్‌తో ఆడుతుంది. అదీ గెలిస్తే పైకి. అబర్దీన్ కూడా మనలాగే సముద్రం ఒడ్డు పోర్టు సిటీ. ఆ ఊరి శివారు టీమ్ కోవ్ రేంజర్స్ 2019లో అలా ఎక్కి, 2022కల్లా రెండో డివిజన్‌కి చేరింది. అంటే మన గాజువాక టీమ్ మూడేళ్లలో దేశంలో రెండో స్థాయికి వెళ్లినట్టు.

అక్కడంతా స్వర్గమేం కాదులెండి. బకీ థిసిల్ అనే చిన్న రేవు టీమ్ 2024లో హైలాండ్ లీగ్ గెలిచి కూడా, కావాల్సిన లైసెన్స్ లేక ప్లేఆఫ్ ఆడలేకపోయింది. టీమ్‌లు ఊళ్లు మారడమూ ఉంది. ఎడిన్‌బరోలోని మెడోబ్యాంక్ థిసిల్‌ని 1995లో లివింగ్‌స్టన్‌కి తీసుకెళ్లి పేరు కూడా మార్చేశారు. అయినా నిచ్చెన కళ్లెదురుగా ఉంది. కింద నిలబడ్డవాడికి పై మెట్టు కనిపిస్తుంది.

మన దగ్గరా కాగితం మీద నిచ్చెన ఉంది. స్టేట్ లీగ్ నుంచి మెట్టు మెట్టుగా ఐఎస్ఎల్ దాకా. 2011 లెక్కల్లోనే 17 లక్షల జనాభా దాటిన మన ఊరి నుంచి మాత్రం ఆ మెట్ల మీద పాతుకున్న టీమ్ లేదు. మరి ఈ కుర్రాళ్లు దేనికోసం ఆడుతున్నట్టు? నాకు సీజన్ సగం అయ్యాక గానీ అర్థం కాలేదు. వాళ్లు ఎక్కే నిచ్చెన వేరే ఉంది. దాని పైమెట్టు మీద కప్పు ఉండదు, ఉద్యోగం ఉంటుంది.

పాతికేళ్లు దాటకూడదు

కాలనీ టీమ్‌లో ఒక లెఫ్ట్ బ్యాక్ ఉన్నాడు. ఇరవై రెండేళ్లు. పగలు ఆటోనగర్‌లో పని. పేరు రాయొద్దన్నాడు. ఒకరోజు మ్యాచ్ అయ్యాక స్టడ్స్‌కి అంటిన మట్టి పుల్లతో గీకుతూ, "అన్నా, నాకింక మూడేళ్లే టైముంది" అన్నాడు.

రైల్వే స్పోర్ట్స్ కోటా గురించి వాడి లెక్క. వయసు 18 నుంచి 25 మధ్యలో ఉండాలి, సడలింపు లేదు. దానికి తోడు జాతీయ స్థాయిలో ఆడిన రికార్డు కావాలి. అంటే ఇక్కడి మ్యాచ్‌లలో కంటపడాలి, జిల్లా టీమ్‌కి ఎంపికవ్వాలి, అక్కణ్ణుంచి రాష్ట్ర జట్టు, తర్వాత సంతోష్ ట్రోఫీ లాంటి టోర్నీ. అప్పుడొచ్చే సర్టిఫికెట్‌తో ట్రయల్స్. ఒక్క మోకాలి దెబ్బ తగిలితే ఒక ఏడాది పోతుంది.

"మా యమ్మ ఏటంటాదో తెలుసా అన్నా? బంతి తన్నితే బియ్యం వస్తాయేట్రా అంటాది. ఒక్కసారి ఆర్డర్ కాగితం తెచ్చి సూపిస్తే సాలు."

నవ్వుతూనే అన్నాడు. నాకు నవ్వు రాలేదు. నేను ఇంజినీరింగ్ సెకండియర్‌లో ఫుట్‌బాల్ మానేస్తే నా జీవితంలో మారిందేమీ లేదు. వాడికి ప్రతి త్రో-ఇన్ ఒక ఇంటర్వ్యూ.

ఆలోచిస్తే మన తెలుగు ఫుట్‌బాల్ వైభవం కూడా ఉద్యోగం మీద నిలబడిందే. 1950 నుంచి వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచిన టీమ్ పేరు హైదరాబాద్ సిటీ పోలీస్. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన చేతుల మీదే భారత్ 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం సాధించింది. సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరాం ఆ జట్లలో మెరిశాడు. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ కూడా గెలిచింది. ఆ తర్వాత ఆ కప్పు మళ్లీ తెలుగు నేలకి రాలేదు.

అందుకే ఉక్కునగరం గ్రౌండ్ గట్టు మీద మాటలు ఫుట్‌బాల్‌తో మొదలై ప్లాంటు దగ్గర ఆగుతాయి. 2021 జనవరిలో కేంద్రం ప్లాంటులో వంద శాతం పెట్టుబడుల ఉపసంహరణకి సూత్రప్రాయంగా ఓకే చెప్పినప్పటి నుంచీ ఊళ్లో ఆందోళనలు జరుగుతున్నాయి. 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటించారు. రిటైరైన ఒక పెద్దాయన నా పక్కన కూర్చుని అన్నారు: "ప్లాంటు ఉంటే టీమ్ ఉంటది. టీమ్ ఉంటే గుంటలకి ఒక ఆశ. గ్రౌండ్‌కి గడ్డి కోసేదెవరో కూడా అక్కణ్ణుంచే తేలాలి బాబూ."

ఐఎస్ఎల్ టీమ్ వెళ్లిపోతే మనకి చూడ్డానికి ఒక షో తగ్గుతుంది. డిపార్ట్‌మెంట్ టీమ్ మూతపడితే మాత్రం ఆటోనగర్ కుర్రాడికి దారే తగ్గిపోతుంది. ఈ రెండో వార్త ఏ స్పోర్ట్స్ యాప్‌లోనూ నోటిఫికేషన్‌గా రాదు.

వెళ్లాలనుకుంటే

వైజాగ్ వచ్చేవాళ్లు కైలాసగిరి, బొర్రా గుహలు, అరకు ఎలాగూ చూస్తారు. ఒక సాయంత్రం ఇటూ ఉంచండి. పోర్టు స్టేడియానికి కాంప్లెక్స్ నుంచి ఆటోలో వెళ్లిపోవచ్చు. ఉక్కునగరానికి గాజువాక మీదుగా కూర్మన్నపాలెం బస్సెక్కండి. గేటు దగ్గర అడిగితే లోపలికి ఎలా వెళ్లాలో చెప్తారు. నేవీ గ్రౌండ్లలోకి మాత్రం అనుమతి లేనిదే పోనివ్వరు. మ్యాచ్ ఉందో లేదో ఆన్‌లైన్‌లో వెతికితే దొరకదు, ముందురోజు సాయంత్రం ప్రాక్టీస్ చేసేవాళ్లనే అడగాలి. నాలుగున్నరకి చేరితే ఎండ తగ్గుతుంది. నీళ్ల బాటిల్, కూర్చోడానికి ఒక పాత పేపర్ పట్టుకెళ్లండి.

సీజన్ చివరి మ్యాచ్‌లో మా లెఫ్ట్ బ్యాక్ టీమ్ ఒకటి-సున్నాతో ఓడిపోయింది. ఆ గోల్ వాడి వైపు నుంచి రాలేదు. జిల్లా సెలెక్షన్స్‌కి పిలుపొచ్చిందని రెండు వారాల తర్వాత మెసేజ్ పెట్టాడు. కింద ఇంకో లైన్: "అన్నా, ఆ రోజు సెలవు పెట్టి రాగలవా? లైన్ దగ్గర మనోడు ఒకడుంటే బాగుంటాది."

సెలవు అప్లై చేశాను. మేనేజర్ కారణం అడిగితే 'పర్సనల్' అని రాశాను.