మబ్బులోంచి ఇంటికి

ఆదివారం ఫోన్ చేయగానే మా అమ్మ అడిగే మొదటి మాట 'తిన్నావా' కాదు. 'అక్కడ మబ్బు పట్టిందా?' అని!

తణుకు దగ్గర పల్లెటూళ్లో ఉండే ఎనభై ఏళ్ల మనిషికి ఇంగ్లండు మబ్బులతో ఏం పనంటారా? ఆవిడ కొడుకు చేసేది కంప్యూటర్ ఉద్యోగమే అయినా, సెలవు దొరికితే నలుగురు పట్టే చిన్న విమానం అద్దెకు తీసుకుని నడుపుతాడు. అదీ ఆవిడ బెంగ. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ నల్లమలలో కూలినప్పటి నుంచీ అది రెట్టింపయింది. "అంత అనుభవమున్న పైలట్లున్నా అలా అయిందే, నువ్వెంతరా?" అంది ఆరోజు.

ఆవిడకు నేను చెప్పని సంగతి ఒకటుంది. ఇది చదివితే ఎలాగూ తెలిసిపోతుంది.

2006 వేసవి. మా తొమ్మిదేళ్ల అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని ఐల్ ఆఫ్ వైట్ దీవికి వెళ్లాను. ఐస్‌క్రీమ్ తిని తిరుగు ప్రయాణమయ్యాం. సముద్రం దాటేసరికి మబ్బు కిందికి దిగడం మొదలైంది. అప్పటికి నాది మామూలు ప్రైవేటు పైలట్ లైసెన్సు. నేల కనిపిస్తున్నంతసేపే నాకు ఎగిరే హక్కు. 'ఇంకొంచెం ముందుకెళ్తే తేటగా ఉంటుందిలే' అనుకున్నాను. అదే నా తప్పు. చూస్తూండగానే అద్దాల చుట్టూ తెల్లటి గోడ!

చిన్నప్పుడు భోగి తెల్లవారుజామున కాలవగట్టు మీద మంచు కమ్మేస్తే నాన్న స్కూటరు పక్కకు తీసి ఆపేసేవాడు. ఆకాశంలో ఆపుకోవడానికి గట్టెక్కడుంది?

విమానం తిన్నగా పోతోందనే నా ఒళ్లు చెబుతోంది. రెక్కల వాలు చూపించే పరికరమేమో ఎడమకు ఒరిగిపోయామంటోంది. ఎవరి మాట నమ్మాలి? శిక్షణలో నేర్పిన ఒకే ఒక్క పాఠం గుర్తొచ్చింది... బయటికి చూడకు, పరికరాలనే నమ్ము, మెల్లగా వెనక్కి తిరుగు. తిరిగాను. నిమిషం తర్వాత కింద సముద్రం కనిపించింది. "నాన్నా, మళ్లీ మబ్బులోకి వెళ్దామా?" అంది అమ్మాయి సరదాగా. నా చొక్కా తడిసి ముద్దయింది.

మనం నిటారుగా ఉన్నామో ఒరిగామో చెప్పేది లోపలి చెవిలోని ద్రవం. కళ్లకు ఆధారం లేనప్పుడు అది అబద్ధం చెబుతుంది. 1954లో అమెరికాలో ఇల్లినాయి విశ్వవిద్యాలయం వారు ఇరవై మందిని అలా బయటేమీ కనిపించకుండా చేసి విమానం నడిపించారు. ఒక్కరూ అదుపు నిలుపుకోలేకపోయారు. సగటున పట్టిన సమయం 178 సెకన్లు. మూడు నిమిషాలు కూడా కాదు! అదే మనుషులకు కాస్త శిక్షణ ఇచ్చాక దాదాపు ప్రతిసారీ వెనక్కి తిరిగి బయటపడగలిగారు. 1999 జులైలో జాన్ ఎఫ్. కెన్నెడీ కుమారుడు రాత్రివేళ మసక వాతావరణంలో సముద్రం మీద దిక్కు తెలియకే భార్యతో, ఆమె అక్కతో సహా ప్రాణాలు పోగొట్టుకున్నాడు. పరికరాల మీద ఎగిరే అర్హత అతనికి అప్పటికి ఇంకా రాలేదు.

బ్రిటన్‌లో నాలాంటి వాళ్ల కోసమే 1969లో 'ఐఎంసీ రేటింగు' పెట్టారు. కనీసం పదిహేను గంటల శిక్షణ, ఆపైన పరీక్ష. మబ్బులో తిన్నగా ఎగరడం, రేడియో సంకేతాల సాయంతో రన్‌వేకి చేరడం నేర్పుతారు. అది ఆ దేశంలోనే చెల్లుతుంది. 2007లో సంపాదించాను.

మరుసటి ఏడు నుంచే గుబులు పట్టుకుంది. ఐరోపా విమాన భద్రతా సంస్థ దేశాలన్నిటికీ ఒకే లైసెన్సు పద్ధతి తెస్తోంది, అందులో మా రేటింగుకు చోటు లేదు. కావాలంటే పూర్తిస్థాయి అర్హత తెచ్చుకోవాలి. దానికి అప్పట్లో కనీసం యాభై గంటల శిక్షణ. వారాంతాల్లో ఎగిరే ఉద్యోగస్తులకు అయ్యే పనేనా? అరకొర చదువు అతిధైర్యాన్నిస్తుందని వాదించినవాళ్లూ లేకపోలేదు. ఆ మాటలో కొంత నిజముంది. కానీ ఆ అరకొర చదువే లేని రోజున నా పక్కన మా అమ్మాయి కూర్చుని ఉంది. పైలట్ల సంఘాలు ఏళ్ల తరబడి పట్టుబట్టాయి. చివరికి పేరు మార్చుకుని, పరిమిత ఇన్‌స్ట్రుమెంట్ రేటింగుగా అది నిలిచింది. 2020 ఆఖరుకు బ్రిటన్ ఆ ఐరోపా సంస్థ నుంచి బయటికొచ్చింది. రేటింగు ఇప్పటికీ ఉంది.

చట్టంలో నిలిచింది సరే, నా చేతుల్లో నిలవొద్దూ? దీని గడువు 25 నెలలు. కరోనా రోజుల్లో నాది దాటిపోయింది. 'ఇన్నేళ్లు ఎగిరినవాణ్ని, ఎక్కడికి పోతుంది' అనుకున్నాను. శిక్షకుడు పక్కన కూర్చుని, బయటేమీ కనిపించకుండా చేసే కళ్లజోడు పెట్టాడు. రెండు నిమిషాల్లో నాలుగువందల అడుగులు కిందికి జారిపోయాను. అదీ తెలియకుండా! "కాగితం త్వరగానే వస్తుంది. అలవాటు రావడానికే టైము పడుతుంది" అన్నాడాయన. ఎన్ని వారాంతాలు పట్టిందో! ఇప్పుడు నెలకోసారైనా ఆ కళ్లజోడు పెట్టుకోవాల్సిందే.

మళ్లీ పరీక్ష దగ్గరపడింది. "ఈ వయసులో మబ్బుల్లో ఎగరడానికి పరీక్షెందుకురా?" అంది అమ్మ మొన్న.

"ఎగరడానికి కాదమ్మా, ఇంటికి రావడానికి" అన్నాను.

కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే బాగా చదువుకో" అంది.