ఎనిమిది గొంతుల యంత్రం

హార్మోనియం మీద మన సంగీత విద్వాంసుల ఫిర్యాదు పాతదే. మెట్టు నొక్కితే స్వరం పలుకుతుంది, అంతే. దాన్ని ఊపడానికి లేదు, పక్క స్వరం మీదికి జార్చడానికి లేదు. 1940లో ఆలిండియా రేడియో దాన్ని నిషేధించడానికి పెద్ద కారణం ఇదే. పద్యనాటకాల హార్మోనిస్టులు ఆ నిషేధాన్ని ఏమాత్రం ఖాతరు చేయలేదనుకోండి, అది వేరే కథ. ఫిర్యాదులో మాత్రం నిజం ఉంది. పియానోదీ ఇదే లోటు. ఒకసారి నొక్కాక స్వరం వాయించేవాడి మాట వినదు.

ఈ లోటును దాదాపుగా పూడ్చిన వాద్యం ఒకటి 1970ల రెండో సగంలో జపాన్‌లో పుట్టింది. యమహా సీఎస్-80 అనే ఎలక్ట్రానిక్ సింథసైజర్. పేరు చూస్తే ఏదో మోటారు పంపుసెట్టు అనిపిస్తుంది. బరువూ అలాగే ఉంటుంది, దాదాపు 100 కిలోలు. దాన్ని ఊరూరా మోసుకెళ్లి కచేరీలు చేసిన వాద్యబృందాల ఓపికకు దండం పెట్టాలి.

దాని గొప్పంతా మెట్ల కిందే ఉంది. మెట్టు నొక్కి, వేలు తీయకుండా ఇంకాస్త అదిమితే స్వరం మారుతుంది. మీటలు పెట్టుకున్న తీరును బట్టి బిగ్గరవుతుంది, పదునెక్కుతుంది, వణుకుతుంది. అదిమినది చిటికెన వేలైతే దాని కింది స్వరానికే ఆ మార్పు. మిగతా వేళ్ల కింది స్వరాలు ఎలా ఉన్నవి అలాగే ఉంటాయి. పాలీఫోనిక్ ఆఫ్టర్‌టచ్ అంటారు దీన్ని. తర్వాత వచ్చిన కీబోర్డుల్లో చాలావాటికి ఇంత వివేచన లేదు. ఒక వేలు అదిమితే మోగుతున్నవన్నీ కలిసి వణుకుతాయి. మెట్లకు పైన పొడుగ్గా ఒక పట్టీ కూడా ఉంటుంది, పేరు రిబ్బన్. వేలు ఎక్కడ ఆనిస్తే అదే దానికి మొదలు. అక్కణ్నుంచి జరిపే కొద్దీ శ్రుతి పైకో కిందికో జారుతుంది. దీన్ని గమకం అనేస్తే వైణికులు ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా. జారేటప్పుడు స్వరాలన్నీ మూకుమ్మడిగా జారతాయి. అయినా మెట్ల వాద్యం అంత దూరం రావడమే విశేషం.

ఇది ఎలా పలుకుతుందో తెలియాలంటే 1982 నాటి 'బ్లేడ్ రన్నర్' సినిమా మొదటి నిమిషాలు వినాలి. చీకట్లో లాస్ ఏంజెలెస్, ఆకాశంలోకి మంటలు చిమ్మే గొట్టాలు, వాటి మీదుగా ఇత్తడి బూరలాంటి ఒక నాదం. మొదట మూసిన తలుపు వెనకనుంచి వచ్చినట్టు మందంగా ఉంటుంది. ఫిల్టర్ అడ్డుకున్న పై స్థాయి నాదాలు మెల్లగా బయటపడే కొద్దీ దానికి వెలుగు వస్తుంది. బూర అనుకునేలోపే అది బూర కాదని తెలిసిపోతుంది. ఏమిటో మాత్రం చెప్పలేం. సంగీతం గ్రీకు స్వరకర్త వాంజెలిస్‌ది. లండన్‌లోని తన స్టూడియోలో దృశ్యాలు చూస్తూ అప్పటికప్పుడు వాయించుకుంటూ పోయేవాడాయన. అలా వాయించేవాడికి వేలి బరువు గుర్తించే వాద్యం దొరికింది. ఆ సినిమా సంగీతం ఆయన వాయించిన రూపంలో ఆల్బమ్‌గా బజారుకు రావడానికి మాత్రం 1994 దాకా ఆగాల్సి వచ్చింది.

ఆ నాదానికి అంత నిండుదనం ఎక్కడిది? ఒకేసారి ఎనిమిది స్వరాలు పలికే యంత్రమిది. ఒక్కో స్వరానికి రెండు పొరలు. అంటే లోపల నాదాన్ని పుట్టించే ఆసిలేటర్లు 16, ఒక్కోదానికి దాని సొంత సర్క్యూట్. అన్నిటికీ ఒకే వోల్టేజి అందినా అన్నీ అచ్చంగా ఒకే శ్రుతిలో పలకవు. గది వేడెక్కితే ఒకటి కాస్త పైకి జరుగుతుంది, ఇంకొకటి కిందికి. భజన మండపంలో పదిమంది ఒకే చరణం ఎత్తుకున్నప్పుడు ఎవరి గొంతు వారిదిగానే ఉండి, అన్నీ కలిసి మండపం నిండిపోతుందే, ఆ నిండుదనం ఇందులో వినిపిస్తుంది. తేడా వెంట్రుకవాసి ఉంటే శ్రావ్యం, అంతకు మించితే చెవిపోటు. అందుకే దాన్ని శ్రుతిలో పెట్టడమంటే లోపలి బుల్లి మరలను ఒక్కొక్కటే ఓపిగ్గా తిప్పడం.

జ్ఞాపకశక్తి విషయంలో ఇది మరీ పాతకాలపు మనిషి. యమహా వారు అమర్చి ఇచ్చిన నాదాలు పోగా, మనం కూర్చుకున్నవి నాలుగే దాచుకోగలం. ఆ దాచడమూ చిత్రంగా ఉంటుంది. ఎడమ పక్క ఒక మూత తీస్తే, పైనున్న జారుడు మీటల నమూనాలే బుల్లి సైజులో నాలుగు వరసలు కనిపిస్తాయి. వాటిని చేత్తో జరిపి వదిలేయాలి. 1978లో అమెరికాలో డేవ్ స్మిత్ తయారుచేసిన ప్రాఫెట్-5 అనే సింథసైజర్ మైక్రోప్రాసెసర్ పెట్టి 40 నాదాలను ఒక్క బటన్‌తో తిరిగి తెచ్చి ఇచ్చేసరికి, ఈ మూతల ముచ్చటకు కాలం చెల్లింది. మిగిలిన పనిని 1983లో యమహాయే పూర్తి చేసింది. ఆ ఏడు వచ్చిన డీఎక్స్7 అంకెలతో నడిచే యంత్రం. 16 స్వరాలు, తేలిక, చవక. శ్రుతి తప్పమన్నా తప్పదు. కచేరీ మధ్యలో వాద్యం వేడెక్కి శ్రుతి చెడగొడితే ఎలా ఉంటుందో తెలిసినవాళ్లు దాన్ని కళ్లకద్దుకున్నారంటే తప్పుపట్టలేం.

వాంజెలిస్, డేవ్ స్మిత్ ఇద్దరూ 2022 మే నెలలోనే, రెండు వారాల తేడాలో కన్నుమూశారు. అంతకు రెండేళ్ల ముందు, 2020లో, ప్రాఫెట్-5 మళ్లీ కొత్తగా తయారై వచ్చింది. ఈసారి శ్రుతి కుదురుగా నిలబడుతుంది. కానీ కొనేవాళ్లకు కావలసింది అదొక్కటే కాదని స్మిత్‌కు తెలుసు. అందుకే దాని మీద 'వింటేజ్' అని ఒక మీట ఉంది. అంకెలు 4 నుంచి 1కి నడుస్తాయి. 4 దగ్గర అన్ని గొంతులూ బుద్ధిగా ఒక్క శ్రుతిలో ఉంటాయి. 1 వైపు తిప్పేకొద్దీ, 1978 నాటి మొదటి యంత్రాల్లోలాగా, ఎవరి దారి వారు పడతారు.