గడగడా చదివితే చాలదు

అమెరికాలో తెలుగు బడులు ఇప్పుడు కొత్త సంగతి కాదు. సిలికానాంధ్ర మనబడి 2007లో మొదలైంది. తెలుగు సంఘాలు, గుళ్లు నడిపే వారాంతపు తరగతులు వేరే ఉన్నాయి. వీటికి వెళ్లే పిల్లలు కొన్నేళ్లలో గుణింతాలు, వత్తులు దాటి వాచకంలో ఏ పేజీ తీసినా పైకి చదివేస్తున్నారు. శని ఆదివారాల్లో తమ తీరిక వదులుకుని పాఠాలు చెప్పే తల్లిదండ్రుల శ్రమ ఫలితమిది, దీన్ని తక్కువ చేయడానికి లేదు. అయితే చదివినదాంట్లో ఏముందో చెప్పమంటే ఆ పిల్లల్లో చాలామంది నోరు మెదపరు. మన లిపి పట్టుబడ్డాక, అర్థం తెలియని మాటను కూడా తడబడకుండా పలకవచ్చు. ఇంగ్లీషులో స్పెల్లింగు చిక్కులు ఎక్కువ, అందువల్ల పిల్లవాడు ఎక్కడ ఆగిపోయినా అక్షరాలు రాకే అనుకుంటాం. తెలుగులో ఆ ముసుగు ఉండదు. చదవడం అని మనం ఒకే పేరుతో పిలిచేదాంట్లో రెండు వేర్వేరు పనులున్నాయని ప్రవాస పిల్లల తెలుగు చదువు తేటతెల్లం చేస్తోంది.

ఆ రెండు పనుల్నీ విడదీసి చెప్పిన వాళ్లు ఫిలిప్ గాఫ్, విలియం టన్మర్ అనే పరిశోధకులు. అక్షరాల్ని మాటగా మార్చుకునే నేర్పు ఒకటి, ఆ మాటల్నే ఎవరైనా పైకి చెబితే విని గ్రహించే శక్తి ఇంకొకటి అన్నారు 1986లో. చదివి అర్థం చేసుకోవడం ఈ రెంటినీ కూడితే వచ్చేది కాదనీ, గుణిస్తే వచ్చేదనీ వాళ్ల వాదన. ఒకటి సున్నా అయితే రెండోది ఎంత ఉన్నా జవాబు సున్నాయే. 1990లో హూవర్ అనే మరో పరిశోధకుడు, గాఫ్ కలిసి ఇంగ్లీషు, స్పానిష్ రెండూ వచ్చిన 254 మంది పిల్లల చదువుతో ఈ సూత్రాన్ని సరిచూశారు, అది నిలబడింది. మన బడులు మొదటి అంకె పెంచడానికి ఏళ్ల తరబడి కష్టపడుతున్నాయి. రెండో అంకె పెంచాల్సిన చోటు ప్రధానంగా ఇల్లు, అక్కడే పని జరగడం లేదన్నది నా అభియోగం.

విని గ్రహించడమంటే పదాల అర్థాలు తెలియడం ఒక్కటే కాదు. ‘నారు పోసి పక్షం దాటింది. రైతు ఆకాశం వంక చూసి నిట్టూర్చాడు’ అని రెండు వాక్యాలు ఉన్నాయనుకోండి. వాన అన్న మాట వాటిలో ఎక్కడా లేదు. అయినా నారు అంటే ఏమిటో, దానికి నీళ్లు ఎందుకో తెలిసినవాడికి కథంతా తెలిసిపోతుంది. తెలియనివాడికి నిఘంటువు చేతికిచ్చినా ఆ నిట్టూర్పు ఎందుకో అంతు చిక్కదు. రాసేవాళ్లు అన్నీ రాయరు, చదివేవాడికి తెలుసనుకున్నవి వదిలేస్తారు. ఆ ఖాళీలు పూరించేది లోకజ్ఞానం. 1988లో డోనా రెక్ట్, లారెన్ లెస్లీ చేసిన ప్రయోగం ఈ సంగతినే తేల్చింది. ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు 64 మందికి ఒక బేస్‌బాల్ ఆట గురించిన భాగం చదవడానికిచ్చి, అక్కడ జరిగినదాన్ని నమూనా మైదానం మీద బొమ్మలతో చూపించి చెప్పమన్నారు. చదువులో వెనకబడినా ఆట బాగా తెలిసిన పిల్లలు, బాగా చదవగలిగినా ఆట తెలియని వాళ్లకంటే ఎంతో ముందున్నారు. చిన్న తరగతుల్లో చక్కగా చదివిన పిల్లల్లో కొందరు నాలుగో తరగతి దగ్గర తడబడటం ఇక్కడి ఉపాధ్యాయులు ఎప్పటినుంచో చూస్తున్నదే. సైన్సు, చరిత్ర పాఠాలు అప్పటికి బరువెక్కుతాయి, పిల్లవాడికి ఏం తెలుసన్న ప్రశ్న మొదటిసారి ముందుకొస్తుంది.

ఈ జ్ఞానం, దాన్ని మోసే భాష చాలావరకు మాటల్లోనే పిల్లలకు చేరుతాయి. డేవిడ్ డికిన్సన్, ప్యాటన్ టేబర్స్ సంపాదకత్వంలో 2001లో వచ్చిన పుస్తకంలో బోస్టన్ పరిసరాల్లోని తక్కువ ఆదాయ కుటుంబాల పిల్లల్ని మూడేళ్ల వయసు నుంచి గమనించిన అధ్యయనం ఉంది. భోజనాల దగ్గర పెద్దలు అరుదైన మాటలు వాడటం, జరిగినవి కథగా చెప్పడం, ఎందుకు ఏమిటని వివరించడం కిండర్‌గార్టెన్ నాటి పిల్లల భాషాశక్తితో ముడిపడి ఉన్నాయని అందులో తేలింది. మన ఇళ్లలో తెలుగు ఇప్పుడు దేనికి మిగిలింది? తిను, పడుకో, హోంవర్కు అయిందా, చెప్పులు విప్పు. అడగడానికి, అదిలించడానికి తెలుగు, ఆలోచించడానికి ఇంగ్లీషు. పగలంతా ఆసుపత్రుల్లో, బ్యాంకుల్లో, చిప్‌లు తయారుచేసే సంస్థల్లో పనిచేసి వచ్చే తల్లిదండ్రులకు చెప్పడానికి సంగతులు లేక కాదు. వాటిని పిల్లలతో తెలుగులో మాట్లాడవచ్చన్న ఊహే చాలామందికి తట్టడం లేదు. ఇంటి అప్పు మీద వడ్డీ ఎలా పెరుగుతుంది, టీకా ఒంట్లో ఏం చేస్తుంది, కృష్ణా నీళ్ల కోసం రెండు రాష్ట్రాలు ఎందుకు పోట్లాడుకుంటున్నాయి అన్నవి ఎనిమిదేళ్ల పిల్లలకు తెలుగులో చెప్పదగ్గ విషయాలే.

ఇంట్లో ఇంత తెలుగైతే ఇంగ్లీషు దెబ్బతినదా అన్నది చాలామంది భయం. దాన్ని కొట్టిపారేయలేం. 2010లో ఎలెన్ బియాలిస్టాక్ బృందం 1,738 మంది పిల్లల ఇంగ్లీషు పదసంపదను కొలిచింది. రెండు భాషల పిల్లల స్కోరు సగటున తక్కువే వచ్చింది. అయితే ఆరేళ్ల పిల్లల జవాబుల్ని విడిగా చూస్తే, ఆ తేడా ముఖ్యంగా ఇంట్లో వాడే మాటల్లో కనిపించింది, బడిలో వాడే మాటల్లో రెండు వర్గాలూ దాదాపు సమానం. వంటింటి మాటలు తెలుగులో తెలిసిన పిల్లకు వాటి ఇంగ్లీషు పేర్లు కొంచెం ఆలస్యంగా వస్తే చదువుకు వచ్చే నష్టం ఏమీ లేదని నా అభిప్రాయం. పైగా కెనడాకు చెందిన జిమ్ కమిన్స్ 1979 నుంచి చెబుతున్నట్టు, ఒక భాషలో కుదిరిన అవగాహన రెండో భాషకు ఆసరా అవుతుంది. కారణం వెతకడం, కథలో తర్వాత ఏమవుతుందో ఊహించడం, ఆవిరికీ మేఘానికీ సంబంధం తెలియడం వంటివి ఒకసారి వస్తే భాష మారినా పోవు. పదాలు మాత్రం వాటంతట అవి బదిలీ కావు, ఇంగ్లీషు మాటలు ఇంగ్లీషులోనే నేర్చుకోవాలి. అమెరికాలో పుట్టిన పిల్లలకు దానికి బడి ఉంది, స్నేహితులున్నారు, గ్రంథాలయం ఉంది. తెలుగుకు ఇల్లు తప్ప దిక్కు లేదు.

మా తెలుగే అంతంతమాత్రం, సగం ఇంగ్లీషు కలుస్తుంది అని వెనకాడే వాళ్లూ ఉన్నారు. పేర్లు ఇంగ్లీషువైతే వచ్చిన ముప్పు లేదు. వాక్యం పూర్తిగా తెలుగులో నడిస్తే, ఒకదానికొకటి కారణమయ్యే వాక్యాలు నాలుగు వరసగా వస్తే, పిల్లవాడు తిరిగి ప్రశ్న వేస్తే అది భాషే. ఎన్ని మాటలు చెవిన పడ్డాయో లెక్కపెట్టుకోనక్కర్లేదు. పేదింటి పిల్లలు 3 కోట్ల మాటలు తక్కువ వింటారన్న ప్రసిద్ధమైన అంచనా 1995లో 42 కుటుంబాల పరిశీలన నుంచి వచ్చింది, తర్వాతి పరిశోధకులు దాన్ని గట్టిగా ప్రశ్నించారు. మాటకు మాట బదులు వచ్చే సంభాషణకు ఉన్న విలువ మీద మాత్రం ఆధారాలు పెరుగుతూనే ఉన్నాయి.

ఇదంతా విని అక్షరాలు దిద్దించడం మానేయమంటున్నానని ఎవరూ అనుకోకూడదు. గుణకారంలో మొదటి అంకె కూడా సున్నా కాకూడదు కదా. మిసిసిపీ రాష్ట్రం 2013లో చట్టం చేసి, ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చి, చిన్న తరగతుల్లో అక్షరాలకూ ధ్వనులకూ ఉన్న సంబంధాన్ని పద్ధతిగా నేర్పించింది. నాలుగో తరగతి పిల్లల చదివే శక్తిని కొలిచే జాతీయ పరీక్షలో ఆ ఏడాది 49వ స్థానంలో ఉన్న రాష్ట్రం 2024కల్లా 9వ స్థానానికి ఎదిగింది. దేశం మొత్తం మీద 2024లో అదే పరీక్షలో నాలుగో తరగతి పిల్లల్లో 40 శాతం కనీస స్థాయికి కూడా చేరలేదు. అందుకే మన బడుల్లో గుణింతాలు ఉండాల్సిందే, ఆ పని వాళ్లు బాగానే చేస్తున్నారు.

నేను కోరేది పరీక్షలో ఒక మార్పు. ఏడాది చివర పిల్లల చేత పేజీ పైకి చదివించి మార్కులు వేసే చోట, ముందు ఉపాధ్యాయురాలే ఒక చిన్న కథ చదివి వినిపించి, ఏమైందో, ఎందుకలా అయిందో సొంత మాటల్లో చెప్పమని అడగాలి. ఆ తర్వాత అంతే కష్టమైన మరో కథను పిల్లల చేత చదివించి అవే ప్రశ్నలు వేయాలి. విన్నప్పుడు అర్థమై, చదివినప్పుడు కాకపోతే ఇంకా అక్షరాల మీద పని ఉంది. విన్నప్పుడు కూడా అర్థం కాకపోతే ఎంత చదివించినా లాభం లేదు, ఆ కబురు అమ్మానాన్నలకు వెళ్లాలి. చందమామ పాత సంచికల్లోని కథలు ఈ పనికి చక్కగా సరిపోతాయి. ఒక్కో పిల్లకు పది నిమిషాలు చాలు. ఇంట్లో చేయాలనుకునే వాళ్లకు వారాంతం దాకా ఆగే అవసరం కూడా లేదు.