మా అటక మీద ఎండ్రిన్

అమెరికాలో ఇల్లు కొనేముందు ఇన్‌స్పెక్టర్ అటక కూడా ఎక్కి చూస్తాడట. అక్కడ పాత వర్మిక్యులైట్ కనపడితే "ముట్టుకోవద్దు" అంటాడు. మోంటానాలోని లిబ్బీ గని సరుకులో ఆస్‌బెస్టాస్ కలిసి ఉండేది మరి. ఆ గని 1990లో మూతపడింది. మా టీంలో ఒకతను ఇది చెప్తే "మన అటకల మీద ఆవకాయ జాడీలేగా" అని నవ్వేశాను.

మొన్న సంక్రాంతికి కొల్లేరు పక్కన మా ఊరెళ్ళి అటక దులిపాను. ఇత్తడి బిందెల వెనక తుప్పుపట్టిన డబ్బా, సగం నిండుగా. ఎండ్రిన్! మన దేశంలో దాన్ని నిషేధించిందీ 1990లోనే.

"తాతయ్య చేలో కొట్టగా మిగిలిందిరా. కాలవలో పోస్తే చేపలు చస్తాయి, ఎక్కడ పారబొయ్యను?" అన్నారు నాన్న. నా దగ్గరా జవాబు లేదు. నా ఉయ్యాల కట్టింది సరిగ్గా ఆ అటక కిందేనట.

మీ అటక కూడా ఓసారి చూడండి. గ్లవుజులు మర్చిపోకండేం!