రహీం సాబ్ పోలీసులు

డోన్ జంక్షన్‌లో సికింద్రాబాద్ వైపు రైలెక్కితే చాలు, నాకు హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టు గుర్తొస్తుంది. మా పిల్లలకి ఆ పేరే తెలియదు. కలకత్తా క్లబ్బులు ఏలుతున్న రోజుల్లో, 1950 డ్యూరాండ్ కప్పు ఫైనల్లో మోహన్ బగాన్‌ని ఓడించిన జట్టది. బొంబాయి రోవర్స్ కప్పునైతే 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు ఎవరికీ వదల్లేదు.

ఆ జట్టు వెనకున్నది కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం, బడిపంతులు. తులసీదాస్ బలరాం అనే అమ్ముగూడ కుర్రాడికి ప్రాక్టీసుకి వచ్చే దారి లేకపోతే, సైకిలు అద్దెకు డబ్బులిచ్చాడు. ఎంత చిన్న సాయం! ఆ కుర్రాడే 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్ ఆడాడు. 1962లో జకార్తా ఏషియాడ్‌లో స్వర్ణం గెలిచిన భారత జట్టులోనూ ఉన్నాడు. రెండుసార్లూ కోచ్ రహీమే. జకార్తా నాటికే క్యాన్సర్ ఆయన్ని తినేస్తోంది. 1963లో పోయాడు.

అలాంటి పంతులు మళ్లీ దొరకలేదు కాబట్టే మన ఫుట్‌బాల్ వెనకబడిందని నా గట్టి నమ్మకం. డబ్బున్న కొత్త క్లబ్బులు పుడుతున్నాయి, సంతోషమే. అయినా నా ఆశంతా అనంతపురం మీదే. అక్కడ రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ (ఆర్‌డీటీ) మైదానాల్లో పల్లెల ఆడపిల్లలు ఫుట్‌బాల్ ఆడుతున్నారు. మా డోన్‌కి అదేం దూరం కాదు.