తెర వెనక గొంతు

పిల్లలూ, బదిలీ అంటే ఏమిటో మీకు నేను చెప్పనక్కర్లేదు. అట్టపెట్టెలు, టి.సి. కోసం తిరుగుళ్లు, పాత బడిలో చివరి రోజు తీసుకున్న ఫొటో, కొత్త బడిలో మొదటి రోజు ఎక్కడ కూర్చోవాలో తెలియక గుమ్మం దగ్గర నిలబడటం... ఇవన్నీ మీకు అలవాటే. నాకూ అలవాటే. ఉద్యోగంలో చేరాక పోర్ట్ బ్లెయిర్ నాకు ఐదో ఊరు. 2024లో దీని పేరు శ్రీ విజయపురం అయింది. "మేడం, ఈ ఊరికి కూడా ట్రాన్స్‌ఫర్ అయినట్టుంది" అన్నాడు ఆరో తరగతి పిల్లవాడొకడు.

సామాన్లు వారంలో సర్దేస్తాం. నోరు మాత్రం అంత త్వరగా సర్దుకోదు. ఆ సంగతే ఈసారి రాస్తున్నాను.

నా మొదటి పోస్టింగు హిందీ మాట్లాడే ఊళ్లో. చేరిన వారానికే స్టాఫ్ రూములో "గాడీ ఆ గయా" అన్నాను. హిందీలో గాడీ స్త్రీలింగం. మన తెలుగులో బండి వచ్చింది, బస్సు వచ్చింది, ఉత్తరం వచ్చింది; వస్తువులన్నిటికీ ఒకటే లెక్క. అక్కడ బండి ఆడదో మగదో తేల్చుకుని మరీ నోరు విప్పాలి. అందరూ నవ్వారు. చెడ్డ నవ్వేం కాదు. అయినా ఆ తర్వాత రెండు నెలలు "హా", "జీ" అన్న రెండు మాటలతోనే గడిపేశాను. నేను తప్పు దిద్దుకోలేదు, తప్పు దొర్లే అవకాశమే లేకుండా చేసుకున్నాను. ఆ రెండు నెలలూ నాకు హిందీ ఒక్క అంగుళం కూడా ముందుకు సాగలేదు.

కిందటేడు మా బడిలో ఏడో తరగతిలో ఒక పాప చేరింది. పేరు రాయను, ఈ పత్రిక తనూ చదువుతుంది. నాన్న ఉద్యోగం సముద్రం మీద. అంతవరకూ శ్రీకాకుళం జిల్లాలో అమ్మమ్మ దగ్గర ఉండి తెలుగు మీడియంలో చదివింది. విశాఖపట్నంలో ఓడెక్కి ఇక్కడ దిగింది. ఇంగ్లీషు నోటుపుస్తకం చూస్తే ముత్యాల్లాంటి అక్షరాలు, తప్పులు తక్కువ. మొదటి వారంలోనే క్లాసులో ప్రయాణం గురించి చెప్పమంటే లేచి నిలబడి "ఐ కేమ్ బై షిప్పు" అంది. వెనక బెంచీల్లో కిసుక్కుమన్నారు. మధ్యాహ్నానికల్లా "షిప్పు" ఆ పాపకు పేరైపోయింది.

అంతే, నోరు మూతపడింది. నేను పక్కకు పిలిచి అడిగితే, "నాను మాటాడను మేడం. రాసిత్తాను" అంది. నా "హా", "జీ" గుర్తొచ్చాయి.

మరునాడు ఆ క్లాసుకు వెళ్లి ఇంగ్లీషు పాఠం కాకుండా తెలుగు సంగతి ఒకటి చెప్పాను. తెలుగు అజంత భాష. మన మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి. అందుకే బస్ మన నోట బస్సు అవుతుంది, షిప్ షిప్పు అవుతుంది. హిందీ మాట్లాడే ఇళ్లలో కొందరు స్కూల్‌కు ముందొక ఇకారం చేర్చి "ఇస్కూల్" అంటారు. బెంగాలీ ఇళ్లలో కొందరికి వకారం భకారమై "వెరీ" కాస్తా "భెరీ" అవుతుంది. 2011 జనాభా లెక్కల్లో ఈ దీవుల్లో ఎక్కువమంది మాతృభాష బెంగాలీ. తర్వాత హిందీ, తమిళం, తెలుగు. తెలుగువాళ్లం వందకు పదమూడు మందిమి. ఇన్ని భాషలు ఒక్క బెంచీ మీద కూర్చునే చోట ఎవరు ఎవర్ని చూసి నవ్వాలి? నవ్విన నాపచేనే పండుతుందని మన పెద్దలు ఊరికే అనలేదు.

నవ్వులు ఆగాయి. పాప నోరు మాత్రం తెరుచుకోలేదు. భయం ఒకరు చెబితే పోయేది కాదు.

అప్పుడు పనికొచ్చింది కంప్యూటర్ ల్యాబ్. అందులో స్క్రాచ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. అమెరికాలోని ఎం.ఐ.టి. మీడియా ల్యాబ్ 2007లో పిల్లల కోసం విడుదల చేసింది. రంగురంగుల బ్లాకులను ఒకదాని కింద ఒకటి తగిలిస్తే తెర మీద పిల్లి నడుస్తుంది, ఎగురుతుంది, మాట్లాడుతుంది. మాట బుడగలో కనిపిస్తుంది. మన గొంతు రికార్డు చేసి తగిలిస్తే వినిపిస్తుంది. కంప్యూటర్‌లో ఒకసారి ఎక్కించుకుంటే ఇంటర్నెట్ లేకుండానే పనిచేస్తుంది. చెన్నై నుంచి ఈ దీవులకు దాదాపు 2,300 కిలోమీటర్ల సముద్రగర్భ కేబుల్ 2020 ఆగస్టులో వచ్చింది. అంతకుముందు ఇక్కడ ఇంటర్నెట్ అంటే ఉపగ్రహం మీదే ఆధారం. అందుకే నెట్ లేకపోయినా నడిచే వస్తువు విలువ ఇక్కడివాళ్లకు బాగా తెలుసు.

కంప్యూటర్ సార్‌ని అడిగి వారానికి రెండు పీరియడ్లు ల్యాబ్ తీసుకున్నాను. "నువ్వు మాట్లాడొద్దమ్మా. బొమ్మ మాట్లాడుతుంది. నువ్వు దానికి గొంతు అరువివ్వు చాలు" అన్నాను పాపతో.

ఈ ఉపాయం నేను కనిపెట్టింది కాదు. మన తోలుబొమ్మలాట చేసేది ఇదే. ఆడించేవాళ్లు తెర వెనక ఉంటారు. జనానికి కనిపించేది బొమ్మ నీడ, వినిపించేది గొంతు. జుట్టుపోలిగాడు తడబడితే జనం నవ్వేది పోలిగాణ్ని చూసి. మన నిమ్మలకుంట కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది ఆ తెర వెనక పనికే.

మొదటి రెండు వారాలు ఘోరంగా పోయాయి. నిజం చెప్పాలి కదా. పిల్లలు పిల్లికి టోపీ పెట్టారు, సముద్రానికి ఊదారంగు వేశారు, ఒక్క వాక్యం మాట్లాడలేదు. అప్పుడు రెండు నియమాలు పెట్టాను. ముందు మాట, తర్వాత బొమ్మ: కాగితం మీద ఎనిమిది డైలాగులు ఉంటేనే కంప్యూటర్ ముందు కుర్చీ. రెండోది, ఒకరి గొంతును మరొకరు హెడ్‌ఫోన్లలో విని, విన్నది కాగితం మీద రాయాలి. రాసింది డైలాగుతో కలిస్తే పాసైనట్టు. కలవకపోతే మళ్లీ రికార్డు. యాస ఎవరిదైనా ఫరవాలేదు, మాట అవతలివాడికి అందిందా లేదా అన్నదే లెక్క.

పాప, తన పక్క సీటు బెంగాలీ అమ్మాయి కలిసి డ్యూగాంగ్ కథ అల్లారు. డ్యూగాంగ్ అంటే సముద్రపు గడ్డి మేసే పెద్ద జలచరం. సముద్రపు ఆవు అనుకోండి. ఈ దీవుల రాష్ట్ర జంతువు అదే. కథలో ఒక డ్యూగాంగ్ పిల్ల తప్పిపోయి తాబేలునీ, మొసలినీ, చివరికి ఒక ఓడనీ "వేర్ ఈజ్ మై మదర్?" అని అడుగుతుంది. ఆ పిల్ల గొంతు మన పాపది.

స్క్రాచ్‌లో రికార్డు చేసిన గొంతును మార్చే బటన్లు ఉంటాయి. వేగం పెంచేది, తగ్గించేది, రోబో గొంతు చేసేది. పాప మొదట తన డైలాగులన్నిటికీ రోబో తగిలించింది. డ్యూగాంగ్ పిల్ల ఇనుప గొంతుతో అమ్మను వెతుక్కుంటోంది! నేనేమీ అనలేదు. తెర మీద ఇంకో తెర కావాలనిపించింది తనకు, అంతే.

ఒక్క ఓడ డైలాగు దగ్గర చాలా రోజులు ఆగారు. "ప్లీజ్ స్టాప్, షిప్!" ప్రతిసారీ చివర ఉకారం వచ్చేది. ఫ్రెండు రాసిన కాగితంలోనూ ఆ ఉకారం ఉండేది. పాప వినేది, చెరిపేది, మళ్లీ మైకు నొక్కేది. ఒకరోజు లెక్కపెట్టాను: ఒక్క పీరియడ్‌లో ఆ వాక్యం పంతొమ్మిది సార్లు. క్లాసులో నిలబెట్టి పంతొమ్మిది సార్లు చెప్పిస్తే అది శిక్ష. ఇక్కడ ఎవరూ చెప్పమనలేదు. చెరిపేసిన తప్పును ఎవరూ చూడలేదు.

నాలుగో వారంలో ఆ పాపే అడిగింది: "మేడం, రోబో తీసేత్తాను. అమ్మని పిలిచినట్టు లేదు." మళ్లీ మొదటి నుంచి సొంత గొంతుతో రికార్డు చేసింది.

ఒక్క మాట స్పష్టంగా చెప్పాలి. సాఫ్ట్‌వేర్ ఇంగ్లీషు నేర్పలేదు. అది టీచర్ కాదు, తెర మాత్రమే. తెర వెనక పంతొమ్మిది సార్లు ప్రయత్నించింది పాప. మీ కొత్త బడిలో ల్యాబ్ లేకపోతే అమ్మ ఫోన్లో రికార్డరు చాలు, రెండు కాగితం బొమ్మలు చాలు, ఓపిగ్గా విని రాసిపెట్టే ఒక్క స్నేహితుడు చాలు.

ఈ వేసవికి ముందు పాప నాన్నగారికి ఉత్తర్వు వచ్చింది. ఇంకో తీరం, ఇంకో భాష. చివరి వారం ఇద్దరూ వచ్చి డ్యూగాంగ్ కథను తెలుగులో కూడా చేస్తామన్నారు. ఈసారి ఓడ గొంతు బెంగాలీ అమ్మాయిది. చివర్లో ఓడ వెళ్లిపోతుంటే "మళ్లీ రా" అనాలి. ఆ అమ్మాయికి ళకారం నోరు తిరగదు. "మల్లీ, రా!" అంది. మల్లి అనే పిల్లను ఎవరో పిలుస్తున్నట్టుంది.

నేను పాప వైపు చూశాను. తను నవ్వలేదు. హెడ్‌ఫోన్లు సర్దుకుని, విన్నది విన్నట్టు కాగితం మీద రాసి ఫ్రెండుకు చూపించింది. తర్వాత మైకు ఆమె వైపు జరిపి, "వన్స్ మోర్" అంది.

ఆ ఫైలు పెన్‌డ్రైవ్‌లో పాపతో పాటు వెళ్లింది. ఒక కాపీ నా దగ్గరుంది. అందులో "మళ్లీ రా" సరిగ్గానే పలికింది, ఏడోసారికి.